ఇరవై రెండేళ్ళ తప్పులు

జనవరి 12

మహా ఘనత వహించిన మామయ్యగారి రంగులంటిన పాదాలకు,

ఈ ఉత్తరం చదవడం వల్ల తమకు కలగబోయే సమస్త నష్టాలకూ ముందుగానే క్షమాపణలు. నా చేతిరాతకు క్షమాపణ. బోర్డుల మీద అక్షరాలు రాసి బతికే మనిషికి ఇలాంటి అక్షరాలు పంపడం, వంటవాడికి మాడిన అన్నం వడ్డించడం లాంటిదని తెలుసు. చేరగానే రాస్తానని చెప్పి పన్నెండు రోజులు ఊరుకున్నందుకు క్షమాపణ. సెలవుల్లో అత్తయ్య నా ముందు పెట్టిన ప్రతి గిన్నెనూ అడుగు కనిపించేదాకా విచారించినందుకు క్షమాపణ. నీ సన్న బ్రష్‌తో నా బూట్లు తుడిచినందుకు, నువ్వు కునుకు తీస్తుండగా నీ కళ్ళజోడు అద్దం మీద ఈగ బొమ్మ వేసినందుకు, దాన్ని నువ్వు రెండుసార్లు తోలినా నేను నోరు విప్పనందుకు కూడా. ఇన్ని ఒకేసారి ఎందుకంటే, టోకున అడిగేస్తే చిల్లరగా అడిగే బాధ తప్పుతుందని.

ఇక నా కష్టం విను. మా కాలేజీలో బొమ్మ వేస్తే చాలదు. ఎలా వేశామో, వేస్తూ ఏమనుకున్నామో, ఎక్కడ తప్పు చేశామో, ఆ తప్పు వల్ల ఏం తెలిసిందో వారం వారం ఒక పుస్తకంలో రాసి, నమూనాలు అంటించి మా మేడమ్‌కు చూపించాలి. దాన్ని జర్నల్ అంటారు. సగం మార్కులు దానికే. అందులోనూ తప్పులకే ఎక్కువ. చిన్నప్పటి నుంచీ తప్పులు చేసి తన్నులు తిన్నవాణ్ణి, తప్పులకు మార్కులిచ్చే చోటికి వచ్చి ఒక్క తప్పూ చూపించలేకపోతున్నాను. తప్పు చేయాలన్నా ముందు పని చేయాలట. ఈ సంగతి చేరేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

పద్నాలుగు వారాలకు గాను నా జర్నల్‌లో ఉన్నవి ఇవీ: మొదటి పేజీలో నా పేరు, మూడు రంగుల్లో. రెండో పేజీలో "ఈరోజు మబ్బుగా ఉంది" అన్న వాక్యం. మూడో పేజీలో సగం కిటికీ. నా గదిలో ఉండే శిల్పాలవాడు మాత్రం నిన్న మధ్యాహ్నం కూర్చున్నచోటి నుంచి లేవకుండా పద్నాలుగు వారాలూ రాసేశాడు. నాలుగు రకాల పెన్నులు వాడాడు. పేజీలు పాతగా కనిపించాలని మీద టీ చల్లాడు. పదకొండో వారంలో చీమలు పట్టాయి.

గడువు ఫిబ్రవరి పది. నా కోసం బెంగ పెట్టుకోకు. ఏదో ఒకటి చేస్తాను.

నీ ఒక్కగానొక్క మేనల్లుడు,
ఏ పాపం ఎరగనివాడు


జనవరి 21

ఒరేయ్ అల్లుడూ,

ఈగ నీ పనేనని ఆరోజే తెలుసు. ఎనిమిది కాళ్ళు వేశావు. ఈగకు ఆరే. బొమ్మల కాలేజీలో ఇది కూడా చెప్పరా? బూట్ల సంగతి మాత్రం ఇప్పుడే తెలిసింది. దాని సంగతి వచ్చినప్పుడు చూస్తాను.

ఫోను చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తావని మీ అత్తయ్య దెప్పుతోంది. ఫోనులో నువ్వు నవ్విస్తావు, నేను అడగాల్సింది మర్చిపోతాను. కాగితం అయితే నా మాట కూడా చివరిదాకా వింటావు.

చేసిన తప్పు రాసుకోవడం అంత పెద్ద చదువా? నేనూ, బోర్డులకు నిచ్చెనెక్కీ ఎక్కీ ఆ పేరే పడిపోయిన మన నిచ్చెనా ఇరవై రెండేళ్ళుగా రాసుకుంటున్నాం, మాకు ఎవరూ మార్కులు వేయలేదు. మన రంగుల పుస్తకం నువ్వు చూసిందే కదా. ఏ కొట్టు బోర్డుకు ఏ రంగు ఎన్ని వంతులు కలిపామో అందులో నేను రాస్తాను. పక్కన నిచ్చెన తన బొటనవేలు రంగులో ముంచి ఒక ముద్ర వేస్తాడు. బ్రష్‌తో పూస్తే రంగు ఒక్క తీరునే ఉంటుంది, వేలితో నొక్కితే పల్చనా చిక్కనా రెండూ తేలతాయి. ఆర్నెల్లకు పోయి బోర్డు చూసి వచ్చి, "ఎండకు వెలిసింది, మనదే తప్పు", "నలుపు ఎక్కువై ఏడుపుమొహంలా ఉంది" అని కింద రాసుకుంటాం. నీ మేడమ్‌కు చూపిస్తే మాకే డిగ్రీ ఇచ్చేది.

ఎందుకు చెప్తున్నానంటే, ఆ పుస్తకం కనపడటం లేదు. పిల్లల ఆసుపత్రి గోడ మొత్తం గీకేసి కొత్త పూత పూశారు. పదకొండేళ్ళ కిందట మనం వేసిన నీలమే మళ్ళీ కావాలంటుంది పెద్ద డాక్టరమ్మ. ఆ నీలం చూస్తే సూదికి వచ్చిన పిల్లలు ఏడవరని ఆవిడ నమ్మకం. వచ్చే నెలాఖరులోగా రంగు చూపించకపోతే గోడంతా ఫ్లెక్స్ కట్టిస్తారట. సొరుగు మూడుసార్లు బోర్లించాను. నువ్వు ఉన్నప్పుడు కొట్లో ఎక్కడైనా నీ కంటపడిందా?

మామయ్య


ఫిబ్రవరి 1

వర్ణ చక్రవర్తి మామయ్యకు,

ఈగ కాళ్ళ విషయంలో కాలేజీ తరఫున విచారం తెలుపుతున్నాను. మిగిలిన రెండూ చేతులు అనుకో.

పుస్తకం సంగతి చదివి నాకు అన్నం సహించలేదు. నిజంగానే. శిల్పాలవాడు నా కంచం కూడా లాగేసుకుని తిన్నాడు కాబట్టి నష్టమేమీ జరగలేదు. మామయ్యా, వస్తువులన్నాక ఒక్కోసారి వాటంతట అవే పక్కకు తప్పుకుంటాయి. పాత కాగితాల్లో కలిసి పోయిందేమో, ఇళ్ళల్లో మామూలే కదా. ఎవరినీ ఏమీ అనకు. ఫిబ్రవరి పది దాటాక పోయిన వస్తువులు దొరకడం నేను చాలాసార్లు గమనించాను.

ఆ ఆసుపత్రి నీలం నాకు కాస్త గుర్తున్నట్టే ఉంది. నీలం రెండు వంతులు, తెల్లది వంతున్నర, నలుపు రెండు చుక్కలు, పసుపు ఒక్క చుక్క, అదీ చివర్లో. కలిపి చూడు. కుదిరితే ఇంకేమీ అడగకు.

జర్నల్ పని సాగుతోంది. గత పది రోజులుగా కత్తెరా జిగురూ తప్ప వేరే లోకం లేదు. ఒక్కో పేజీ అంటించాక చేతులు కడుక్కుంటున్నాను, మళ్ళీ కడుక్కుంటున్నాను. జిగురు వదలడం లేదు. మంచి జిగురు.

ఇట్లు,
కంచం కోల్పోయిన తమ అల్లుడు


ఫిబ్రవరి 10

అల్లుడూ,

నువ్వు రాసిన లెక్కన కలిపాను. పదకొండేళ్ళ కిందట నీకు తొమ్మిదేళ్ళు. నా పక్కన డబ్బా మీద కూర్చుని చూసింది పసుపు చుక్కతో సహా గుర్తుపెట్టుకున్నావు. మీ అత్తయ్యకు ఉత్తరం రెండుసార్లు చదివి వినిపించాను. మన చేయి ఎక్కడికీ పోలేదురా, నీలో ఉంది.

రంగు మాత్రం పూర్తిగా కుదరలేదు. అప్పటి డబ్బాల కంపెనీ ఇప్పుడు లేదు. వంతులు అవే అయినా ఇప్పటి నీలం వేరు. ఆ ముద్ర పక్కన పెట్టుకుని చుక్క చుక్కా సరిచేస్తే తప్ప రాదు.

పాత కాగితాలని నువ్వన్నాక మీ అత్తయ్యను అడిగాను. అడగకపోయినా బాగుండేది. "ఇల్లు ఊడ్చేదీ నేనే, కాగితాలు అమ్మేదీ నేనే, ఇప్పుడు దొంగను కూడా నేనే, ఇంకేమన్నా మిగిలుంటే అవీ అనండి" అంది. నాలుగు రోజులు మాటల్లేవు. అయిదో రోజు తనే అంది, "కొట్టు తాళాలు రెండు. ఒకటి మీ దగ్గరుంది. రెండోది ఎవరి దగ్గరుందో నన్నడగడమెందుకు" అని.

నాకు అప్పుడు తోచింది. నిచ్చెన అల్లుడు ఈమధ్యే ఫ్లెక్స్ మిషను పెట్టాడు. ఆసుపత్రి గోడ మాకు రాకపోతే అది ఎవరికి పోతుంది? వాళ్ళకే.

టీ కొట్టు బల్ల దగ్గర నలుగురూ ఉండగానే నిచ్చెనను అడిగాను. "పుస్తకం నీ దగ్గరుందా?"

వాడు గ్లాసు దించకుండానే, "అడుగుతున్నావా, అంటున్నావా?" అన్నాడు.

"అంటున్నాను" అన్నాను.

వాడు జేబులోంచి తాళం తీసి బల్ల మీద పెట్టాడు. సగం టీ వదిలేసి వెళ్ళాడు. వెనక్కి తిరిగి చూస్తాడనుకున్నాను. ఇరవై రెండేళ్ళు నేను కింద నిలబడి గీత కొడితే పైనుంచి సుద్దదారం పట్టుకున్నవాడు. పోనీలే. దొంగకు సిగ్గుండదంటారు.

నీ జర్నల్ ఇచ్చావా? ఈరోజే కదా గడువు.

మామయ్య


ఫిబ్రవరి 22

మామయ్యకు,

ఈసారి బిరుదులు లేవు. సరుకు అయిపోయింది.

నిచ్చెన బాబాయి అలాంటివాడు కాదు మామయ్యా. నీకూ తెలుసు. పక్కింటి గోడకు రంగు వేస్తూ వాళ్ళ కిటికీలోకి కూడా తొంగిచూడని మనిషి. ఆయన దగ్గరికి వెళ్ళి ఒక్కమాట మాట్లాడు. నీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాననుకో. తీసినవాడు ఎవడైనా నీకు బాగా దగ్గరివాడే అయ్యుంటాడు. కాస్త చదువుకున్నవాడు కూడా అయ్యుంటాడు. తిరిగి పెట్టేద్దామనే తీసి ఉంటాడు. నాకెందుకో అలా అనిపిస్తోంది.

జర్నల్ ఇచ్చాను. మేడమ్ దాన్ని క్లాసు మొత్తానికి చదివి వినిపించింది. "ఇక్కడున్న నలభై పుస్తకాల్లో మార్కుల కోసం రాయనిది ఇదొక్కటే" అంది. "ఎండకు వెలిసింది, మనదే తప్పు, చూడండి, ఎంత పొదుపుగా రాశాడో" అంటూ

పై వాక్యం కొట్టేద్దామనుకున్నాను. నీ ఉత్తరంలో చదివిన మాట నోట్లో ఉండిపోయి నా జర్నల్‌లో కూడా వాడేశాను. ఏమనుకోకు. ఏడాది చివరి ప్రదర్శనలో నా జర్నల్‌ను అద్దాల పెట్టెలో పెట్టారు. మార్చి ఇరవై దాకా దాని తాళం మేడమ్ దగ్గరే ఉంటుంది. ఇరవై తర్వాత ఏదో ఒకటి చేస్తాను.

అందరూ అభినందిస్తున్నారు. శిల్పాలవాడు కూడా. వాడికి చీమల వల్ల మార్కులు తగ్గాయి. నాకు వాడి మీద అసూయగా ఉంది. వాడు చల్లిన టీ అయినా వాడిదే.

అల్లుడు


మార్చి 4

అల్లుడూ,

అద్దాల పెట్టె సంగతి చదివి కొట్టు మూసేసి ఇంటికి వచ్చాను, మీ అత్తయ్యకు చెప్పడానికి. నా మాట ఒకటి నీ పుస్తకంలో పెట్టుకున్నందుకు క్షమాపణ ఏమిట్రా పిచ్చోడా. నా నోట్లోంచి వచ్చిన మాట అద్దాల పెట్టెలో ఉందంటే అంతకంటే ఏం కావాలి నాకు? అలాంటి మాటలు ఇంకా కావాలంటే ఉత్తరానికి రెండు చొప్పున పంపిస్తాను.

నిచ్చెన మీద నీకెంత జాలి. మంచివాడివి. కానీ నువ్వు "చదువుకున్నవాడు" అన్నావు చూడు, అప్పుడు వెలిగింది నాకు. నిచ్చెన కాదు, వాడి అల్లుడు. డిప్లొమా చదివాడు. మర్నాడే వాళ్ళ కొట్టుకు పోయి, వచ్చినవాళ్ళందరి ముందూ కడిగేశాను. ఆ అమ్మాయి, నిచ్చెన కూతురు, లోపలినుంచి వచ్చి, "పెదనాన్నా, నన్ను మీ భుజాల మీద ఎక్కించుకుని బోర్డులకు తీసుకెళ్ళింది మీరే కదా" అంది. అయినా నేను ఆగలేదు.

డాక్టరమ్మకు నేను కలిపిన నీలం చూపించాను. "ఇది కాదండీ" అంది. అంతే. ఫ్లెక్స్ కడుతున్నారు. నిచ్చెన అల్లుడు కాదు, వేరే ఎవరో. అది తెలిసినప్పటి నుంచీ ఏదోలా ఉంది.

పోయినవారం మందుల కొట్టు బోర్డుకు నేనే పైకి ఎక్కాను. కింద పట్టుకునేవాడు లేడు. మూడో మెట్టు మీంచి జారాను. చీలమండ వాచింది, విరగలేదు. ఇంట్లో ఉన్నాను. లేకపోతే నీ అద్దాల పెట్టె చూడటానికి ఈపాటికి వచ్చి వాలేవాణ్ణి.

నిచ్చెన ఊళ్ళో లేడు. నువ్వున్న ఊళ్ళోనే ఏదో పెద్ద బజారు ముందు, బళ్ళు పెట్టే చోట నేల మీద తెల్లగీతలు గీసే పని దొరికిందట. నాలుగంతస్తులు ఎక్కి రాసినవాడు నేల మీద గీతలు గీస్తున్నాడు. కనపడితే పలకరించకు. పలకరిస్తే నేను అడిగానని చెప్పకు.

మామయ్య

(అత్తయ్య రాస్తున్నాను నాన్నా. ఆయన నిద్రపోతున్నారు. నిచ్చెన భార్యతో నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఈయనకు తెలీదు. నీ ప్రదర్శన ఎక్కడో ఆవిడకు చెప్పాను. నిచ్చెన వచ్చి చూస్తానన్నాడట. "వాడికి నేను మొదటి బ్రష్ పట్టించాను, చూడకపోతే ఎలా" అన్నాడట. వస్తే మంచినీళ్ళయినా ఇవ్వు. ఈయన పగలంతా కిటికీలోంచి ఎదురు కొట్టు బోర్డు చూస్తూ కూర్చుంటున్నారు.)


మార్చి 16

మామయ్యా,

ఈ ఉత్తరం అత్తయ్య పక్కన ఉండగా చదువు. చదివాక నన్ను తిట్టే ముందు నిచ్చెన బాబాయి దగ్గరికి మనిషిని పంపు. బజారు పేరూ, ఆయన పడుకునే గది గుర్తులూ కనుక్కుని వెనకవైపు రాశాను.

రంగుల పుస్తకం నేనే తీశాను.

సెలవుల ఆఖరి రోజున, నువ్వు డబ్బాలు కడగడానికి వెనక్కి వెళ్ళినప్పుడు, సొరుగులోంచి తీసి నా సంచిలో చొక్కాల కింద పెట్టుకున్నాను. చూసి పంపిద్దామనుకున్నాను. అది అబద్ధం కాదు. ఇక్కడికొచ్చి తెరిస్తే ప్రతి పేజీలోనూ మేడమ్ అడిగినవే ఉన్నాయి. ఏం కలిపారు, ఎందుకు కలిపారు, ఎక్కడ చెడింది. నా దగ్గర లేనివన్నీ. మొదట నాలుగు పేజీలు చూసి రాసుకున్నాను. చేతిరాత మార్చగలిగాను గానీ వేలిముద్రలు గీయడం కుదరలేదు. అప్పుడు కత్తెర తీశాను. నీ రాతంతా వదిలేసి ముద్రలు మాత్రం కత్తిరించి అంటించాను. "పుస్తకం నీ కంటపడిందా" అని నువ్వు అడిగిన ఉత్తరం నాకు చేరిన రోజుకు ముప్ఫై ముద్రలు అయిపోయాయి. ఆ రోజు ఆపేసి ఉంటే సగం పుస్తకం మిగిలేది. ఆసుపత్రి నీలం ఆ మిగిలిన సగంలోనే ఉంది. వంతులు నాకు గుర్తుండి రాయలేదు మామయ్యా. ఆ పేజీ చూసి రాశాను. తర్వాత దాన్నీ కత్తిరించాను.

నీకు రెండుసార్లు చెప్పబోయాను. ప్రతిసారీ సగమే చెప్పాను. ఆ సగం ఒకసారి అత్తయ్య మీద పడింది, ఇంకోసారి నిచ్చెన బాబాయి అల్లుడి మీద పడింది. నేను నోరు తెరిచిన ప్రతిసారీ ఎవరో ఒకరికి దెబ్బ తగిలింది. పూర్తిగా మూసుకున్నా తగిలేదే.

ఈ ఉదయం మేడమ్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆవిడ పెట్టె తాళం తీసి, జర్నల్ నా చేతిలో పెట్టి, "దీన్ని నేను క్లాసుకు చదివి వినిపించాను" అని మాత్రం అంది. అటు తిరిగి కూర్చుంది. ఏడాది పోవచ్చు, కాలేజీయే పోవచ్చు, వచ్చే వారం తెలుస్తుంది. ముద్రలు తడి గుడ్డతో ఒక్కొక్కటీ ఊడదీస్తున్నాను. శిల్పాలవాడు సాయం చేస్తున్నాడు. నలభై మూడు వచ్చాయి, తొమ్మిది చిరిగాయి. నీలం బాగానే వచ్చింది. నీ రాతలున్న మొండి పుస్తకంతో కలిపి వేరేగా పంపిస్తున్నాను.

వీటిలో ప్రతిదానికీ నా దగ్గర ఏదో ఒక సాకు ఉంది మామయ్యా. గడువు ఉంది, భయం ఉంది, తిరిగి పెట్టేద్దామన్న ఉద్దేశం ఉంది. ఒక్కదానికి లేదు. అది నిన్న జరిగింది.

నిచ్చెన బాబాయి నిన్న మధ్యాహ్నం వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ప్యాంటు మోకాళ్ళ దగ్గర తెల్ల రంగు మాత్రం పోలేదు. నన్ను దూరం నుంచి చూసి చెయ్యి ఊపాడు. నేను మేడమ్ పక్కన నిలబడి వచ్చినవాళ్ళకు జర్నల్ గురించి చెప్తున్నాను. ఆయన నేరుగా అద్దాల పెట్టె దగ్గరికి వచ్చి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన ఎడమ బొటనవేలికి రేకు కోసుకుని గీత పడిందని నీకు తెలుసు కదా. ప్రతి ముద్రలోనూ ఆ గీత తెల్లగా కనిపిస్తుంది. ఎవరికీ తెలియకపోయినా ఆయనకు తెలుస్తుంది.

తర్వాత నిటారుగా లేచి, నా వైపు తిరిగి, "బాగుంది బాబూ. మీరు చాలా కష్టపడ్డారు" అన్నాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఏరా అన్న మనిషి. మెల్లగా బయటికి నడిచాడు. నేను వెనకే వెళ్ళలేదు, మంచినీళ్ళూ ఇవ్వలేదు.

ఆయన నన్ను మీరు అని ఎందుకన్నాడంటే, దానికి ఒక్క నిమిషం ముందు మేడమ్ ఆయన్ను ఎవరో చూడవచ్చిన పెద్దమనిషి అనుకుని, ఆయనకు వివరంగా చెప్పిద్దామని నన్ను అడిగింది, "ఈ వేలిముద్రలు ఎవరివి?" అని. ఆయన నా పక్కనే ఉన్నాడు. భుజం తగిలేంత దగ్గర.

నావే అన్నాను.